మూడు బిందువులు, ఒక సమతలం: జియోజీబ్రా త్రీడీ కాలిక్యులేటర్‌తో రెండేళ్ల బోధనానుభవం

ఇంటర్మీడియట్, డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు గణితం చెప్పే అధ్యాపకురాలిని నేను. త్రిపరిమాణ జ్యామితి పాఠాలకు గత రెండేళ్లుగా జియోజీబ్రా త్రీడీ కాలిక్యులేటర్ అనే యాప్‌ను తరగతిలోనూ ఇంట్లోనూ వాడుతున్నాను. దానిలో ఉన్న సౌకర్యాలన్నింటినీ ఇక్కడ ఏకరువు పెట్టడం లేదు. సమతల సమీకరణం, అంటే ఒక చదునైన తలం మీది బిందువులన్నీ పాటించే సమీకరణం, కనుక్కోవడం నేర్పడానికి, నేర్చుకోవడానికి అది ఎంతవరకు అక్కరకు వస్తుందన్న ఒక్క విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. కాగితం మీద లెక్క పూర్తి చేసిన తరువాత తెరిస్తే, ఈ పాఠానికి ఇంతకంటే మంచి సాధనాన్ని నేను చూడలేదు. లెక్క మొదలుపెట్టకముందే తెరిస్తే మాత్రం విద్యార్థికి జవాబు దొరుకుతుంది గానీ దారి దొరకదు.

జియోజీబ్రాను మార్కుస్ హోహెన్‌వార్టర్ ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ 2001లో మొదలుపెట్టారు. తొలి రోజుల్లో అది సమతల జ్యామితికే పరిమితం. 2014లో వచ్చిన అయిదో వెర్షన్‌తో త్రిపరిమాణ చిత్రణ అందులో చేరింది. 2021 చివరిలో మన దేశానికి చెందిన బైజూస్ సంస్థ దాన్ని కొనుగోలు చేసినా, వ్యాపారేతర వాడకానికి అది ఉచితంగానే కొనసాగింది. ఫోన్‌లో ఒకసారి యాప్‌గా దించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది కాబట్టి, సిగ్నల్ సరిగా అందని ఊళ్ల నుంచి వచ్చే మా పిల్లలకు ఈ ఒక్క గుణమే ఎంతో విలువైనది. కంప్యూటర్ ఉన్నవారు ఏమీ దించుకోకుండా బ్రౌజర్‌లోనే తెరుచుకోవచ్చు.

తెరవగానే మూడు అక్షాలు, అడుగున బూడిద రంగు నేల కనిపిస్తాయి. ఎక్స్ అక్షం ఎరుపు, వై అక్షం ఆకుపచ్చ, జెడ్ అక్షం నీలం. గది మూలన నిలబడి, నేలా రెండు గోడలూ కలిసే చోటును మూలబిందువుగా చూపిస్తూ పాఠం మొదలుపెట్టే అలవాటు మా తరం అధ్యాపకులందరికీ ఉంది. ఆ మూల ఈ తెర మీదికి వచ్చినట్టే ఉంటుంది కాబట్టి పిల్లలు మొదటి నిమిషంలోనే తేరుకుంటారు. వేలితో తెరను జరిపితే బొమ్మ మొత్తం తిరుగుతుంది. నల్లబల్ల మీద ఎంత శ్రద్ధగా గీసినా ఏటవాలు తలం చివరికి ఒక వంకర చతుర్భుజంగానే మిగిలిపోతుంది. దాన్ని చుట్టూ తిప్పి చూపగలగడమే ఈ యాప్ చేసే మొదటి మేలు.

అసలు సమతల సమీకరణం దగ్గర పిల్లలు ఎందుకు తడబడతారు? ద్విపరిమాణ జ్యామితిలో రేఖను వాలుతో గుర్తుపట్టడం వాళ్లకు అలవాటై ఉంటుంది. తలానికి అలాంటి ఒకే వాలు ఉండదు. పెంకుటింటి కప్పు మీద ఒక దిశలో నడిస్తే నిటారుగా ఎక్కుతాం, మరో దిశలో నడిస్తే ఎత్తు మారకుండానే ముందుకు పోతాం. అందుకని తలం మీది దిశలను పట్టుకోవడం మానేసి, తలానికి లంబంగా నిలబడే ఒకే ఒక దిశను, అంటే అభిలంబాన్ని పట్టుకోవాలి. తలం మీద మనకు తెలిసిన బిందువు నుంచి అదే తలం మీది మరే బిందువుకు గీసిన సదిశ (దిశా, పొడవూ ఉన్న బాణం) అయినా ఆ అభిలంబానికి లంబంగానే ఉంటుంది. ఈ ఒక్క వాక్యాన్ని బిందు లబ్ధంగా (రెండు సదిశల అంకెలను జతలుగా గుణించి కూడితే వచ్చే సంఖ్య, అవి లంబంగా ఉంటే అది సున్నా) రాసి సున్నాకు సమానం చేస్తే వచ్చేదే సమతల సమీకరణం. అందులోని ఎక్స్, వై, జెడ్ గుణకాలు అభిలంబపు దిక్ సంఖ్యలు, అంటే అది ఎటు చూస్తోందో చెప్పే మూడు అంకెలు, తప్ప మరేమీ కావు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సూత్రాలు కంఠతా వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు గానీ, ఈ గుణకాలు దేన్ని చెబుతున్నాయని అడిగితే మౌనమే ఎదురవుతుంది.

ఇక నేను ప్రతి ఏడూ చేయించే ఉదాహరణకు వస్తాను. ఎ (1, 0, 2), బి (2, 1, 1), సి (3, −1, 2) అనే మూడు బిందువుల గుండా పోయే తలం కావాలి. ఎ నుంచి బి కి పోయే సదిశ (1, 1, −1), ఎ నుంచి సి కి పోయే సదిశ (2, −1, 0). ఈ రెండూ తలంలోనే ఉన్నాయి కాబట్టి వాటి సదిశా లబ్ధం రెండింటికీ లంబంగా ఉంటుంది, అదే మనకు కావలసిన అభిలంబం. ఆ లబ్ధాన్ని ఇచ్చే నిర్ధారకాన్ని (చతురస్రంగా పేర్చిన అంకెల పట్టికను) విస్తరిస్తే (−1, −2, −3) వస్తుంది. ఎ బిందువును తీసుకుని సమీకరణం రాసి, గుర్తులు మార్చి సర్దితే ఎక్స్ + 2వై + 3జెడ్ = 7 అవుతుంది. బి ని ప్రతిక్షేపిస్తే 2 + 2 + 3, సి ని ప్రతిక్షేపిస్తే 3 − 2 + 6, రెండూ ఏడే. ఇంతవరకు కాగితం మీదే జరగాలని నా నియమం.

ఈ లెక్కలో ఏటా జరిగే పొరపాటు ఒకటుంది. నిర్ధారకాన్ని విస్తరించేటప్పుడు మధ్య పదానికి ముందు రుణ గుర్తు పెట్టడం మరిచిపోతారు. అప్పుడు అభిలంబం (−1, 2, −3) అవుతుంది, సమీకరణం ఎక్స్ − 2వై + 3జెడ్ = 7 అవుతుంది. నిరుడు ఒక అమ్మాయి ఈ జవాబు రాసి, సరిచూశానని కూడా చెప్పింది.

"మేడమ్, ఎ ని ప్రతిక్షేపిస్తే సరిగ్గా ఏడు వచ్చింది కదా, మరి తప్పెక్కడుంది?" అని అడిగింది.

"బి ని కూడా పెట్టి చూడమ్మా" అన్నాను.

2 − 2 + 3, అంటే మూడే వచ్చింది. కారణం మాటల్లో చెప్పే బదులు ఫోన్ తీసి మూడు బిందువులనూ పెట్టి, ఆమె రాసిన సమీకరణాన్నే టైప్ చేశాను. తలం ఎ గుండా చక్కగా పోయింది, బి, సి మాత్రం దానికి దూరంగా గాలిలో వేలాడుతున్నాయి. బొమ్మను తలం అంచు వైపు నుంచి కనిపించేలా తిప్పితే అది సన్నని గీతలా మారి, ఆ గీత మీద ఒక చుక్క, పక్కన రెండు చుక్కలు స్పష్టంగా కనిపించాయి. సమీకరణాన్ని ఎ దగ్గరి నుంచే కట్టాం కాబట్టి అభిలంబం ఎంత తప్పుగా వచ్చినా ఎ దగ్గర అది సరిపోతూనే ఉంటుందనీ, అందువల్ల సరిచూడవలసింది మిగిలిన రెండు బిందువులతోననీ ఆ అమ్మాయి తానే చెప్పింది. ఈ మాట నేను బల్ల మీద రాసి చెప్పిన ఏళ్లలో ఎవరికీ ఇంత లోతుగా నాటుకోలేదు. ఈ యాప్‌కు నేను మంచి మార్కులు వేయడానికి ఆ ఒక్క సన్నివేశం చాలు.

సరైన తలం వచ్చాక మూలబిందువు నుంచి (1, 2, 3) సదిశను గీయమని పిల్లలకు చెబుతాను. తెర మీద అది తలాన్ని గుచ్చుకుంటూ బయటికి వస్తుంది. వెనకటికి ఇదే పనికి ఒక అట్టముక్కకు అల్లిక సూదిని నిటారుగా గుచ్చి చూపేదాన్ని, ఇప్పటికీ చూపుతాను. సూది కదిలితే అట్ట కూడా దానితోపాటు వాలుతుందని చేతితో పట్టుకుని తెలుసుకోవడంలో ఉన్న సుఖం తెరలో లేదు. అయితే అట్టకు అంకెలు ఉండవు, తెరకు ఉంటాయి. మూలబిందువు నుంచి తలానికి లంబదూరం అడిగితే యాప్ 1.87 అని చూపుతుంది. కాగితం మీద మనం 7ను వర్గమూలం 14తో భాగించి రాస్తాం. ఆ రెండూ ఒకటేనని, లంబపాదం (0.5, 1, 1.5) దగ్గర పడుతుందని, అది (1, 2, 3)లో సరిగ్గా సగమని గమనించినప్పుడు అభిలంబ రూపం (మూలబిందువు నుంచి లంబదూరం, అభిలంబ దిశ చెప్పి తలాన్ని రాసే రూపం) అనే మాటకు పిల్లల మనసులో ఒక బొమ్మ ఏర్పడుతుంది.

తలం అక్షాలను ఖండించే చోట్లతో రాసే అంతరఖండ రూపం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అదే తలం అక్షాలను 7, 3.5, సుమారు 2.33 దగ్గర ఖండించడం తెర మీద కనిపిస్తుంది, పిల్లలకు అది వెంటనే అర్థమవుతుంది. కాస్త ఆగవలసింది గుణకం లోపించిన సమీకరణాల దగ్గర. ఎక్స్ + వై = 2 అని రాసి అది ఏమిటని అడిగితే తరగతిలో సగం మంది సరళరేఖ అంటారు, పదో తరగతి నుంచి వాళ్లు నేర్చుకున్నది అదే మరి. ఈ త్రీడీ కాలిక్యులేటర్‌లో అదే టైప్ చేస్తే నేల మీద నిటారుగా లేచిన గోడ కనిపిస్తుంది. జెడ్ గుణకం సున్నా కాబట్టి అభిలంబం నేలకు సమాంతరంగా పడుకుని ఉంటుంది, తలం జెడ్ అక్షానికి సమాంతరంగా లేస్తుంది. అలాంటి తలానికి జెడ్ అక్షం మీద అంతరఖండమే ఉండదని, అంతరఖండ సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడితే ఎక్కడ చిక్కుకుపోతామో అప్పుడు తెలిసివస్తుంది.

మూడు బిందువులూ ఒకే రేఖ మీదికి వచ్చినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్నకు ఈ యాప్ ఇచ్చే సమాధానం నాకు ఎంతో ఇష్టం. సి ని జరిపి (3, 2, 0) దగ్గర పెడితే ఎ, బి, సి సరేఖీయాలు అవుతాయి. ఆ క్షణంలో తలం తెర మీద నుంచి మాయమవుతుంది. సదిశా లబ్ధం శూన్య సదిశ అయిందని, అభిలంబమే లేనప్పుడు తలాన్ని నిర్ణయించలేమని, నిజానికి ఆ రేఖ గుండా లెక్కలేనన్ని తలాలు పోతాయని చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు.

ఆ లెక్కలేనన్ని తలాల దగ్గరికే ఇప్పుడు వస్తున్నాను, ఎందుకంటే ఈ యాప్ తన శక్తినంతా చూపేది అక్కడే. రెండు తలాల ఖండన రేఖ గుండా పోతూ, ఇచ్చిన బిందువు గుండా కూడా పోయే తలాన్ని కనుక్కోమనే లెక్క పరీక్షల్లో తరచుగా వస్తుంది. ఎక్స్ + వై + జెడ్ − 6 = 0, 2ఎక్స్ − వై + జెడ్ − 3 = 0 అనే తలాలను తీసుకుందాం. మొదటి దానికి రెండవ దాని లాంబ్డా (మనం కనుక్కోవలసిన ఒక సంఖ్య) రెట్లను కలిపి సున్నాకు సమానం చేస్తాం. (1, 1, 1) గుండా పోవాలంటే −3 − లాంబ్డా = 0 కావాలి, కాబట్టి లాంబ్డా −3 అవుతుంది, తలం 5ఎక్స్ − 4వై + 2జెడ్ = 3 అవుతుంది. ఈ పద్ధతిని పిల్లలు చకచకా చేసేస్తారు, కానీ లాంబ్డా అంటే ఏమిటో చాలామందికి తెలియదు. యాప్‌లో లాంబ్డాను స్లయిడర్‌గా (వేలితో జరిపితే విలువ మారే మీటగా) పెట్టి అటూ ఇటూ జరిపితే, తలం ఖండన రేఖనే బందుగా చేసుకుని తలుపులా తిరుగుతుంది. −3 దగ్గర ఆ తలుపు (1, 1, 1) బిందువును తాకుతుంది. ఆ తాకిన క్షణంలో మా తరగతిలో నిశ్శబ్దం ఆవరించడం నాకు బాగా గుర్తుంది.

అక్కడితో ఆపకుండా ఇంకో ప్రశ్న వేయాలి. బిందువు (1, 0, 1) అయితే? ప్రతిక్షేపిస్తే −4 + లాంబ్డా × 0 = 0 వస్తుంది, లాంబ్డాకు ఏ విలువా సరిపోదు. లెక్క తప్పేమీ లేదు, ఆ బిందువు రెండవ తలం మీదే ఉంది. స్లయిడర్‌ను ఎంత దూరం లాగినా తలుపు రెండవ తలానికి దగ్గరవుతూ ఉంటుంది గానీ దాన్ని చేరదు, ఎందుకంటే మనం రాసిన రూపంలో రెండవ తలానికి చోటు లేదు. కావలసిన జవాబు ఆ రెండవ తలమే. ఈ సూక్ష్మాన్ని మాటలతో ఒప్పించడం కష్టం. స్లయిడర్ పరిధిని ముందు అయిదుకు, తరువాత యాభైకి, ఆపై అయిదు వందలకు పెంచుతూ పోతే పిల్లలే ఒప్పుకుంటారు.

జాగ్రత్తలు కూడా రాయాలి. తెర మీద తలం ఒక పలకలా అంచులతో కనిపిస్తుంది కాబట్టి అది అక్కడితో ఆగిపోయిందని కొందరు అనుకుంటారు, అనంతంగా విస్తరిస్తుందని నోటితో చెప్పి తీరాలి. యాప్ చూపే సమీకరణం కొన్నిసార్లు మనం రాసినదానికి గుణిజంగా ఉంటుంది. ఒక తలానికి ఒకే సమీకరణం ఉండదనీ, శూన్యేతర సంఖ్యతో మొత్తాన్ని గుణిస్తే తలం మారదనీ ముందే చెప్పకపోతే, సరైన జవాబు రాసిన పిల్లలు కూడా అది చూసి కొట్టేసుకుంటారు. వర్గమూలాలు దశాంశాలుగా కనిపిస్తాయి, పరీక్షలో వాటిని అలా రాయకూడదు. చిన్న ఫోన్‌లో బిందువును వేలితో జరపడం మొదట్లో కొంత ఇబ్బంది పెడుతుంది. బిందువు మీద ఒకసారి నొక్కితే అది నేలకు సమాంతరంగా, మళ్లీ నొక్కితే నిలువుగా జరుగుతుందని తెలిసే వరకు అది ఎటు పోతోందో అంతుపట్టదు. అందుకే నిరూపకాలను టైప్ చేయడమే మేలని నేను చెబుతాను. ఆదేశాలను నేను ఇంగ్లిషులోనే వాడాను, తెలుగు మాధ్యమం పిల్లలకు తలం, లంబతలం, ఖండనం అనే మూడు నాలుగు ఆదేశాలను ఒక చీటీ మీద తెలుగు అర్థాలతో రాసి ఇస్తే సరిపోయింది.

వీటన్నింటికంటే పెద్ద జాగ్రత్త వేరే ఉంది, దాన్ని నేను పొరపాటు చేసి తెలుసుకున్నాను. మొదటి ఏడాది ఉత్సాహంకొద్దీ పాఠం మొదలైన రోజే యాప్ తెరిచాను. మూడు బిందువులు పెట్టి ప్లేన్ అనే ఆదేశం ఇస్తే సమీకరణం క్షణంలో వచ్చేస్తుంది, మధ్యలో ఏ మెట్టూ కనిపించదు. పిల్లలు ఆనందించారు, ఇంటిపని అంతా సరైన జవాబులతో వచ్చింది. వారం తరువాత పెట్టిన చిన్న పరీక్షలో ఆ పిల్లలే సదిశా లబ్ధం దగ్గర ఆగిపోయారు. అప్పటి నుంచి వరుస మార్చాను. ముందు కాగితం మీద లెక్క, తరువాత తలం ఎటు వాలుతుందో, ఏ అక్షాన్ని ఎక్కడ కోస్తుందో నోటితో ఊహ, ఆ తరువాతే తెర. ఊహ తప్పినప్పుడు కలిగే ఆశ్చర్యమే వాళ్లను మళ్లీ లెక్క దగ్గరికి తీసుకువెళ్తుంది.

ఎవరికి ఇది పనికొస్తుందో కూడా చెప్పాలి. 2022లో చేసిన సిలబస్ కుదింపులో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం నుంచి సమతలం భాగాన్ని తీసేశారు, కాబట్టి ఆ పుస్తకం ఒక్కటే చదివేవారికి ఇది తప్పనిసరి కాదు. అయితే జేఈఈ అడ్వాన్స్‌డ్ సిలబస్‌లో సమతల సమీకరణం, బిందువు నుంచి తలానికి దూరం కొనసాగుతున్నాయి. పాఠ్యపుస్తకంలో లేని ఆ భాగాన్ని సొంతంగా చదువుకునే విద్యార్థికి ఈ యాప్ పక్కన కూర్చుని బొమ్మ గీసి చూపే అన్నలాంటిది. మన ఇంటర్మీడియట్ గణితం 1బి పేపరులో ఈ అధ్యాయానికి రెండు మార్కుల ప్రశ్నే వచ్చేది కాబట్టి చాలాచోట్ల రెండు సూత్రాలతో సరిపెట్టి ముందుకు పోయేవారు. అలా దాటి వచ్చిన పిల్లలు డిగ్రీలో ఘన జ్యామితి మొదలుపెట్టగానే గోళాలు, శంకువుల దగ్గర ఇబ్బంది పడటం ఏటా చూస్తున్నాను, వాళ్లకు ఈ యాప్‌తో ఒక వారం గడపమని గట్టిగా చెబుతాను.

వాడదలచినవారు త్రీడీ కాలిక్యులేటర్ అనే పేరుతో ఉన్నదాన్నే దించుకోవాలి. అదే సంస్థ యాప్‌లలో గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అనేది వేరు, అందులో ఎక్స్ + వై = 2 అని రాస్తే మళ్లీ సరళరేఖే కనిపిస్తుంది. మొదటి ప్రయత్నంగా పైన ఇచ్చిన ఎ, బి, సి బిందువులను పెట్టి, కాగితం మీద వచ్చిన మీ సమీకరణాన్నే టైప్ చేసి, తలం ముందుగా బి ని, ఆపై సి ని తాకుతోందో లేదో చూడండి.